ఫేక్ అకౌంట్‌తో మా చెల్లిని వేధిస్తున్నారు. "ఎవరో తెలీకుండా కేసు ఎలా కడతాం" అంటున్నారు. ఏం చెయ్యాలి?

ఆమదాలవలస_అక్క
మా చెల్లి శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. దాని పేరు, ఫొటో పెట్టి ఎవరో ఒక అకౌంట్ తెరిచారు. మొదట్లో మామూలు ఫొటోలే పెట్టారు, తర్వాత ముఖం అతికించిన అసభ్యమైన బొమ్మలు మొదలయ్యాయి. సంబంధం ఖాయమైన అబ్బాయి వాళ్ళ అక్కకి, మా పెదనాన్న కొడుక్కి, క్లాసులో పిల్లలకి కూడా అదే అకౌంట్ నుంచి మెసేజీలు వెళ్ళాయి. "పోలీసుల దగ్గరికి వెళ్తే మిగతావి కూడా పెడతా" అని చెల్లికి బెదిరింపు.

స్టేషన్‌కి వెళ్ళాం. తెల్లకాగితం మీద రాయించుకున్నారు. "అకౌంట్ ఎవరిదో తెలీకుండా ఎవరి మీద కేసు కడతాం? కొన్నాళ్ళు ఫోన్ ఆపించండి. పెళ్ళి కావలసిన పిల్ల, రచ్చ చేసుకోకండి" అని పంపేశారు. రసీదు అడిగితే తర్వాత రమ్మన్నారు.

అమ్మ సరిగ్గా తినడం లేదు, చెల్లి కాలేజీ మానేసింది. పేరు తెలియనివాడి మీద కేసు పెట్టడానికి చట్టంలో నిజంగా దారి లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_గట్టు
చెల్లిని ఒంటరిగా వదలకండి, అది ముందు. మిగతా సంగతి తెలిసినవాళ్ళు రాస్తారు. అందరి కంట్లో పడాలని నేను ఈ రెండు ముక్కలు రాస్తున్నా.

ఉద్దానం_కుర్రోడు
ఇందుకే ప్రతి అకౌంట్‌కీ ఆధార్ లింకు పెట్టాలని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. ఒక్కడు కూడా ముసుగు వేసుకుని రాయలేడు. రోగం మూలం అక్కడుంటే మనం సెక్షన్లు లెక్కపెట్టుకుంటున్నాం.

కంటోన్మెంట్_ప్లీడర్
అమ్మా, పేరు తెలియకపోవడం కేసు కట్టకపోవడానికి కారణమే కాదు. ఎఫ్‌ఐఆర్‌లో నిందితుడి దగ్గర "గుర్తు తెలియని వ్యక్తి" అని రాస్తారు. ఇళ్ళల్లో దొంగతనాల కేసులు చాలావరకు అలాగే మొదలవుతాయి. ఎవరో కనిపెట్టమనే కదా దర్యాప్తు అడుగుతున్నాం. వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగిందని సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే చట్టాలకి కొదవ లేదు. అసభ్య చిత్రాలు పెట్టినందుకు ఐటీ చట్టం సెక్షన్ 67: మొదటిసారి 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అవి లైంగిక చర్యను చూపించేవైతే 67ఎ, 5 ఏళ్ళు, 10 లక్షల దాకా. మీ చెల్లిలా నటించి మోసం చేసినందుకు 66డి, 3 ఏళ్ళ దాకా. దానితోపాటు 66సి (వేరేవాళ్ళ గుర్తింపు దొంగిలించి వాడటం) కూడా సాధారణంగా వేస్తారు. పరువు తీయడానికి దొంగ రికార్డు సృష్టించడం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 336(4). వద్దన్నా పదేపదే వెంటపడి మెసేజీలు పెట్టడం 78, ఆడవాళ్ళ మర్యాదకు భంగం కలిగించే మాటలు, చేష్టలు 79.

మీకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తానెవరో తెలియకుండా దాచుకుని బెదిరిస్తే న్యాయ సంహిత 351(4) కింద బెదిరింపు నేరానికి పడే శిక్షకు అదనంగా 2 ఏళ్ళ దాకా ఉంటుంది. పాత ఐపీసీలో ఇదే 507. అంటే ఆకాశరామన్న ఉత్తరాల కాలం నుంచి మన చట్టం ముసుగును ఎక్కువ శిక్షకు కారణంగానే చూసింది. కేసు కట్టకపోవడానికి దాన్ని సాకుగా చూపిస్తే ఒప్పుకోవలసిన పని లేదు.

78, 79 సెక్షన్ల కింద ఫిర్యాదు ఇచ్చేది బాధితురాలే అయితే మహిళా అధికారే దాన్ని రాసుకోవాలి. అది కూడా అడగండి.

పలాస_జీడిపప్పు
ప్లీడర్ గారి పోస్టు మా నాన్నకి చదివి వినిపించా. ఫీజు ఎంతని అడుగుతున్నాడు.

కంటోన్మెంట్_ప్లీడర్
అర కేజీ పప్పు చాలు, గుండ్లే ఉండాలి, బద్దలు వద్దు.

రిటైర్డ్_హెడ్డు
పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. లోపల ఏం జరుగుతుందో చెబుతా, కోపం తెచ్చుకోకుండా చదవండి.

పిటిషన్ వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. తెల్లకాగితం తీసుకున్నంత మాత్రాన కేసు కట్టినట్టు కాదు. ఎఫ్‌ఐఆర్ కడితే నంబరు వస్తుంది, కాపీ ఉచితంగా ఇవ్వాలి. నంబరు లేకపోతే ఆ కాగితం ఫైల్లో ఉండిపోతుంది, వివరాలు అడుగుతూ సోషల్ మీడియా కంపెనీకి లెటరు వెళ్ళదు.

ఎందుకు వెనకాడతారంటే, ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్ గానీ అంతకు పై అధికారి గానీ దర్యాప్తు చేయాలి. అదే చట్టంలో సెక్షన్ 78 అది (ప్లీడర్ గారు చెప్పిన 78 న్యాయ సంహితలోది, రెండూ కలపకండి). 2008 సవరణకు ముందు డీఎస్పీ చేయాల్సి వచ్చేది. మన మండల స్టేషన్లలో ఉండేది ఎస్‌ఐ. ఆయన కేసు కట్టినా ఫైలు సీఐ గారికి పోవాలి. సీఐ చేతిలో హత్యలు, యాక్సిడెంట్లు, బందోబస్తులు. పైడితల్లి సిరిమానోత్సవం వారంలో విజయనగరం వచ్చి చూడండి, ఒక్క మనిషి సీటులో దొరకడు. ఆ బరువంతా చివరికి ఫిర్యాదు పట్టుకొచ్చిన ఆడపిల్ల మీద పడుతుంది. అది తప్పు. నేను యూనిఫాంలో ఉన్నప్పుడూ ఇదే అనేవాణ్ణి.

అందుకని మీరు ఎస్పీ ఆఫీసుకే వెళ్ళండి. సోమవారం ప్రజా ఫిర్యాదులు తీసుకుంటారు. అర్జీలో "ఫలానా తేదీన ఫలానా స్టేషన్‌లో ఇచ్చాం, కేసు కట్టలేదు" అని ఒక్క వాక్యం స్పష్టంగా రాయండి.

రాజాం_రాణి
హెడ్డు గారు చెప్పింది నిజం. ఫోన్ ఆపమనడం మాత్రం నాకు అస్సలు మింగుడు పడటం లేదు. చేసినవాడు హాయిగా తిరుగుతాడు, పిల్ల గదిలో కూర్చోవాలా?

ఆమదాలవలస_అక్క
అందరికీ చాలా థాంక్స్. పరిచయాన్ని బట్టి కాలేజీలో ఒకబ్బాయి మీద మా అన్నయ్యకి అనుమానం. వెళ్ళి నిలదీస్తానంటున్నాడు. ఆపలేకపోతున్నా.

సోంపేట_సూరి
నాలుగు తగిలిస్తే నిజం అదే బయటికి వస్తుంది. మా ఊళ్ళో అయితే ఇంతసేపు ఆలోచించరు.

రిటైర్డ్_హెడ్డు
సూరిబాబూ, ఆ సలహా ఇవ్వకు. కొడితే ఆ అబ్బాయి ఎదురు కేసు పెడతాడు, ఈ కుటుంబం రెండు కోర్టుల చుట్టూ తిరగాలి. వాడే చేసి ఉంటే, ఆ రాత్రే ఫోన్ రీసెట్ కొడతాడు, అకౌంట్ తీసేస్తాడు. అనుమానం పోలీసుకి రాతపూర్వకంగా చెప్పండి. పేరు ఇక్కడ కూడా రాయకండి.

టవర్_సుబ్బు
నాది టెలికాం ఫీల్డు. ఈ ముసుగు ఎలా తీస్తారో చెబుతాను. కేసు నిలిచేదీ, పోయేదీ చాలావరకు ఇక్కడే.

పోలీసులు సోషల్ మీడియా కంపెనీకి నోటీసు పంపితే అకౌంట్ తెరిచిన ఫోన్ నంబరు గానీ మెయిల్ గానీ, లాగిన్ అయిన ఐపీ అడ్రసులు (ఇంటర్నెట్‌లో వాడిన కనెక్షన్ చిరునామాలు), టైములు వస్తాయి. చేసినవాడు తెలివిగలవాడైతే నంబరు, మెయిల్ దొంగవే ఇస్తాడు. అప్పుడు ఐపీ ఒక్కటే ఆధారం. ఆ ఐపీ పట్టుకుని మొబైల్ కంపెనీని అడగాలి.

మొబైల్ ఇంటర్నెట్‌లో ఒకే ఐపీని ఒకే సమయంలో చాలామంది వాడతారు. ఒకే సత్రం చిరునామాతో వందమంది ఉత్తరాలు రాసినట్టు. గది నంబరు కూడా ఉంటేనే మనిషి దొరుకుతాడు. ఆ గది నంబరునే పోర్టు నంబరు అంటారు. ఐపీ, పోర్టు, సెకన్లతో సహా టైము, ఈ మూడూ ఉండాలి. పోర్టు అడగకుండా లెటరు రాస్తే పెద్ద లిస్టు వస్తుంది, దానితో ఎవరూ ఏమీ చెయ్యలేరు.

రెండోది టైము. విదేశీ కంపెనీలు లాగ్‌లు, అంటే లాగిన్ రికార్డులు, యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఇస్తాయి. మనకి అయిదున్నర గంటలు కలపాలి. లాగ్‌లో 14వ తేదీ 18:45 అని ఉంటే మన లెక్కలో అది 15వ తేదీ అర్ధరాత్రి దాటి 12:15. గంటే కాదు, తేదీ కూడా మారిపోయింది చూశారా. ఇది చూసుకోకుండా 14 సాయంత్రం 6:45కి ఆ ఐపీ ఎవరు వాడారని అడిగితే, ఏ సంబంధం లేని ఇంకో మనిషి పేరు వస్తుంది.

గజపతినగరం_గౌరి
సుబ్బు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా మేనల్లుడిని ఇలాగే పిలిచారు. వాడికి ఆ అమ్మాయి ఎవరో కూడా తెలీదు. పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చోబెట్టారు, ఫోన్ లాక్కున్నారు. చివరికి టైము తప్పు చూశారని తేలింది. ఊళ్ళో మాత్రం "పోలీసులు ఊరికే పిలుస్తారా" అనే మాట మిగిలిపోయింది. బాధితులకి న్యాయం కావాలి, కాదనను. వేరేవాళ్ళ పిల్లాడి బతుకు మీదుగా రాకూడదు ఆ న్యాయం.

టవర్_సుబ్బు
అందుకే గౌరి గారూ, ఒక్క ఐపీ మీద ఎవర్నీ అరెస్టు చెయ్యకూడదంటాను నేను. నాలుగైదు లాగిన్‌లు ఒకే మనిషి వైపు చూపించాలి, ఫోన్‌లో ఆ అకౌంట్ జాడ దొరకాలి. ఇంటి వైఫై అయితే ఇంట్లో ఎవరన్నది ఇంకో ప్రశ్న.

ఉద్దానం_కుర్రోడు
చూశారా, ఇంత తిప్పలు. ఆధార్ ఉంటే ఒక్క క్లిక్కులో తేలిపోతుంది కదా? ఎవరూ దీనికి జవాబు చెప్పరు.

గంటస్తంభం_గిరి
నేను చెబుతా తమ్ముడూ. అసలు పేరు లేకుండా రాయకూడదన్న చట్టం దక్షిణ కొరియా 2007లో తెచ్చింది. పెద్ద సైట్లలో కామెంటు రాయాలంటే గుర్తింపు నంబరు ఇవ్వాలి. 2011లో అక్కడి ఒక పెద్ద సైట్‌ను హ్యాక్ చేసి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2012లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానమే ఆ చట్టాన్ని కొట్టేసింది. మీ చెల్లెలి ఆధార్, ఫోన్ నంబరు వేధించేవాడి చేతికి చిక్కితే అప్పుడేం చేస్తావు?

ఇంకోటి, ఈ అక్క ఇక్కడ ఏ పేరుతో రాస్తోంది? ఆమెకీ ముసుగు కావాలి కదా. పై అధికారి లంచం గురించి చెప్పే గుమాస్తాకి, అత్తింట్లో దెబ్బలు తింటూ సలహా అడిగే కోడలికి కూడా కావాలి.

ఉద్దానం_కుర్రోడు
కొరియా సంగతి కొరియాది. మా పిన్ని మీద ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఏదో నంబరు నుంచి రాతలు రాశారు. అంగన్‌వాడీలో పనిచేసే మనిషి, పిల్లల తల్లులు ఆమె మొహం చూడటం మానేశారు. ఎవరో ఇప్పటికీ తేలలేదు. మీకు హక్కులు కనిపిస్తాయి, నాకు పిన్ని మొహం కనిపిస్తుంది. నేను మాట మార్చుకోను.

గంటస్తంభం_గిరి
మార్చుకోమనడం లేదు. పిన్ని కేసులో వాడు వాడింది సిమ్ కార్డే కదా? సిమ్‌కి గుర్తింపు కార్డు ఇవ్వాల్సిందే. అయినా తేలలేదంటే లోపం ఎక్కడుంది? గుర్తింపు ఉంది, దాన్ని టైముకి అడిగినవాడు లేడు.

ఇంకా గట్టి చట్టం కావాలనేవాళ్ళు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసిన ఐటీ చట్టం 66ఎ సంగతి కూడా గుర్తుచేసుకోండి. 2012 నవంబరులో ముంబయి దగ్గర పాల్ఘర్‌లో బంద్ గురించి ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌ని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు కడుతూనే ఉన్నారని 2021లో మళ్ళీ కోర్టుకి వెళ్తే, జడ్జీలే దిగ్భ్రాంతి చెందారు. 2022 అక్టోబరులో ఇక ఎవర్నీ దాని కింద విచారించవద్దని ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. లేని సెక్షన్‌తో కేసులు కట్టగలిగినప్పుడు, ఉన్న సెక్షన్లతో ఈ అక్కకి కట్టడానికి అడ్డేమిటి?

రాజాం_రాణి
ఈ చివరి ప్రశ్న ప్రింటు తీసి గోడకి అంటించాలి.

సోంపేట_సూరి
దిశ చట్టం ఉంది కదా? ఆంధ్రాలో 21 రోజుల్లో శిక్ష అన్నారు?

కంటోన్మెంట్_ప్లీడర్
దిశ బిల్లు 2019 డిసెంబరులో అసెంబ్లీ ఆమోదించింది. సోషల్ మీడియాలో ఆడవాళ్ళని వేధిస్తే మొదటిసారి 2 ఏళ్ళు, మళ్ళీ చేస్తే 4 ఏళ్ళు అని అందులో ఉంది. కేంద్ర చట్టాన్ని మార్చే బిల్లు కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు, కాబట్టి అమల్లోకి రాలేదు. ఏ కోర్టులోనూ దాన్ని చూపించలేం. గిరి గారి మాటకే వస్తున్నా. ఉన్నవి చాలు. చెన్నైలో 2004లోనే, ఒక విడాకులు తీసుకున్న మహిళ పేరుతో మెసేజ్ గ్రూపులో అసభ్యంగా రాసినవాడికి ఎగ్మూర్ కోర్టు సెక్షన్ 67 కింద శిక్ష వేసింది. ఎఫ్‌ఐఆర్ నుంచి తీర్పు దాకా ఏడు నెలలే. అప్పుడు ఇన్ని స్మార్ట్‌ఫోన్లు కూడా లేవు. ఒక అధికారి పట్టించుకున్నాడు, అంతే.

పైడితల్లి_భక్తురాలు
మా అబ్బాయి లోన్ యాప్‌లో కొంచెం డబ్బు తీసుకున్నాడు. కట్టేశాక కూడా ఇంకా కట్టాలని రకరకాల నంబర్ల నుంచి ఫోన్లు, వాడి ఫోన్‌లో ఉన్న చుట్టాలందరికీ ముఖం అతికించిన ఫొటోలు. మా వియ్యపురాలికి కూడా పంపారు. ఇది కూడా ఇదే చట్టం కిందికి వస్తుందా?

కంటోన్మెంట్_ప్లీడర్
వస్తుందమ్మా. 67, 351(4), దానితోపాటు డబ్బు గుంజడం కాబట్టి బలవంతపు వసూలు సెక్షన్ 308 కూడా. అప్పు యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. మీవాళ్ళు డబ్బు పంపిన లావాదేవీలు ఉంటే ముందు 1930కి ఫోన్ చెయ్యండి, అది డబ్బు మోసాలకి. ఇంకో రూపాయి కట్టకండి. కట్టేకొద్దీ అడుగుతారు.

పొందూరు_నూలు
అక్కా, నేను నీ చెల్లి స్థానంలో ఉన్నదాన్నే. అందుకని ఆధారాల సంగతి చెబుతాను. కోపంతో బ్లాక్ కొట్టెయ్యాలనిపిస్తుంది. దానికి ముందు చేయాల్సింది ఇది.

స్క్రీన్‌షాట్‌లో కనిపించే పేరు చాలదు. వాడు రేపు పేరు మార్చేస్తాడు. ప్రొఫైల్ లింకు కాపీ చేసి ఒక కాగితం మీద రాసుకో. ప్రతి పోస్టుకీ వేరే లింకు ఉంటుంది, అదీ తీసుకో. చాట్‌ను పై నుంచి కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చెయ్యి, తేదీలు కనిపించాలి. ఫొటోని కత్తిరించకు, ఎర్ర గీతలు గియ్యకు. మెసేజీలు వచ్చిన ఫోన్ మార్చకు. పెళ్ళివారి అమ్మాయికి వచ్చాయన్నావు, ఆమె ఫోన్‌లోవి కూడా అలాగే ఉంచమని అడుగు. ఆమె సాక్షి అవుతుంది.

ఆ పెళ్ళివారికి మేమైతే మాకు మేమే ముందు చెప్పాం. నాన్న ఫోన్ చేసి "మా అమ్మాయి పేరుతో ఎవరో దొంగ అకౌంట్ నడుపుతున్నారు, పోలీసులకి ఇచ్చాం, మీకేమైనా వస్తే తుడిచెయ్యకుండా మాకు పంపండి" అన్నాడు. రెండు నిమిషాలు. వాడి చేతిలో ఉన్న కత్తి ఆ రెండు నిమిషాల్లో ఊడిపోయింది. వాడు దేనితో బెదిరిస్తాడు ఇంక? అందరికీ తెలిసిపోయింది కదా.

ఆమదాలవలస_అక్క
ఈ పోస్టు చెల్లికి చదివి వినిపించా. "ఆవిడకి ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగింది.

పొందూరు_నూలు
బాగున్నానని చెప్పు. ఉద్యోగం చేస్తున్నాను. వాడి కేసు కోర్టులో నడుస్తోంది, వాయిదాలకి నేనే వెళ్తున్నాను.

నాగావళి_గట్టు
🙏

టవర్_సుబ్బు
నూలు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. తొందర ఎందుకంటే లాగ్‌లు శాశ్వతంగా ఉండవు. అకౌంట్ తీసేసినా వివరాలు 180 రోజులు దాచి ఉంచాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకి చెబుతున్నాయి. మొబైల్ కంపెనీలు రికార్డులు 2 ఏళ్ళు ఉంచాలి. కేసు కట్టడానికే నెలలు పడితే ఆ గడువు మన చేతిలోనే కరిగిపోతుంది. దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా అడిగితే కంపెనీ 72 గంటల్లో సమాచారం ఇవ్వాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. అడగాలి మరి.

చీపురుపల్లి_మాస్టారు
బొమ్మలు తీయించడం కేసుతో సంబంధం లేకుండా ముందే మొదలుపెట్టొచ్చు. మా స్కూల్లో ఒక టీచరమ్మ విషయంలో చేశాం. అదే 2021 నిబంధనల్లో, నగ్నంగా చూపే ఫొటోలు, అతికించిన ఫొటోలు, మన పేరుతో నటించే అకౌంట్ల మీద బాధితులు గానీ వారి తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు ఇస్తే 24 గంటల్లో తీసెయ్యాలని పెట్టారు, 2026 ఫిబ్రవరి నుంచి ఆ గడువు 2 గంటలకి తగ్గించారు. మామూలు "రిపోర్ట్" బటన్ నొక్కి ఊరుకోకండి. ప్రతి పెద్ద కంపెనీకీ మన దేశంలో గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, వాళ్ళ మెయిల్ సైట్‌లో ఉంటుంది. దానికి లింకులతో రాయండి. పట్టించుకోకపోతే పైన అప్పీలు కమిటీ ఉంది, 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. స్టాప్ఎన్‌సీఐఐ అని ఇంకో సైట్ ఉంది. అందులో ఫొటో మన ఫోన్ దాటదు, దాని గుర్తు మాత్రమే వెళ్తుంది. అదే ఫొటో మళ్ళీ ఎక్కించబోతే అందులో చేరిన కంపెనీలు ఆపుతాయి.

రిటైర్డ్_హెడ్డు
మాస్టారు చెప్పింది మంచిదే, కానీ వరుస ముఖ్యం. ముందు నూలు అమ్మాయి చెప్పిన ఆధారాలు, తర్వాత తీయించడం. బొమ్మలు పోయాక "ఏవీ చూపించండి" అంటే ఇబ్బంది.

చీపురుపల్లి_మాస్టారు
వరుస కోసం రోజులు ఆగమంటే మాత్రం ఒప్పుకోను. అది ఒక్క పూట పని. పిల్ల ఫొటో ప్రతి గంటకీ ఇంకొకరి ఫోన్‌లోకి వెళ్తోంది.

రిటైర్డ్_హెడ్డు
ఒక్క పూటే. దాంట్లో పేచీ లేదు.

ఆమదాలవలస_అక్క
మీరు చెప్పినట్టే చేశాం. లింకులు, రికార్డింగులు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ప్రింట్లు తీసి సోమవారం ఎస్పీ ఆఫీసుకి వెళ్ళాం. అర్జీలో హెడ్డు గారు చెప్పిన వాక్యం రాశాను. చెల్లి మాట్లాడలేకపోతుందేమో అనుకున్నా, ఒక మహిళా ఎస్‌ఐ పక్క గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగి మొత్తం రాసుకున్నారు. ఆమె ఒక్కసారి కూడా "నువ్వెందుకు ఫొటోలు పెట్టావు" అనలేదు. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి వచ్చింది. 67, 66డి, 78, 79, 351(4) అన్నీ ఉన్నాయి.

మాస్టారు చెప్పిన మెయిల్ పెట్టాక అకౌంట్ పోయింది. పెళ్ళివారికి నాన్న ఫోన్ చేశారు. అబ్బాయి వాళ్ళ అక్క తనకి వచ్చినవన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపింది, స్టేట్‌మెంట్ ఇస్తానంది. అన్నయ్య కాలేజీకి వెళ్ళలేదు.

రాజాం_రాణి
ఓలమ్మా, ఎంత మంచి మాట చెప్పావు. ఆ ఎస్‌ఐ అమ్మకి దండం.

ఉద్దానం_కుర్రోడు
మంచి జరిగింది, సంతోషం. మా పిన్ని చేత కూడా ఎస్పీ ఆఫీసులో ఇప్పిస్తాను. ఆధార్ మాట మాత్రం వదలను గిరి గారూ.

గంటస్తంభం_గిరి
వదలకు. ముందు అర్జీ ఇప్పించు. ఆ నంబరు, మెసేజీల తేదీలు పిన్ని దగ్గర ఉన్నాయా?

ఉద్దానం_కుర్రోడు
ఉన్నాయి. రెండేళ్ళు నిండలేదు, సుబ్బు గారి లెక్క చూసుకున్నా.

ఆమదాలవలస_అక్క
ఒక సందేహం. ఇప్పుడు సీఐ గారి ఆఫీసు నుంచి చెల్లి ఫోన్ అప్పగించమన్నారు. క్లాసు నోట్సులు, బ్యాంకు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇవ్వాలా? ఎన్నాళ్ళు ఉంచుకుంటారు?

కంటోన్మెంట్_ప్లీడర్
ఇవ్వాల్సి రావచ్చు, అసలు ఆధారం అందులో ఉంది కాబట్టి. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోన్ ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ళు, రెండో భాగం నిపుణుడు సంతకం చెయ్యాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాస్తారు. ఇది సరిగా లేక కోర్టులో కొట్టుకుపోయిన కేసులు నా కళ్ళతో చూశాను.

ఇచ్చేటప్పుడు స్వాధీన పంచనామా కాపీ తీసుకోండి. ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబరు అందులో ఉండాలి. చెల్లి సొంత ఫొటోలు ఫోన్‌లో ఉంటాయి కాబట్టి, సీలు వేసి సంతకం పెట్టించుకోమని అడగండి. కాపీ తీశాక ఫోన్ మధ్యంతరంగా తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. లాయర్ ఖర్చు గురించి భయపడకండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 చట్టం సెక్షన్ 12. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100.

రిటైర్డ్_హెడ్డు
ఇంకో మాట. వారానికోసారి సీఐ ఆఫీసుకి వెళ్ళి, కంపెనీ నుంచి జవాబు వచ్చిందా, పోర్టు నంబరు అడిగారా అని మర్యాదగా కనుక్కోండి. విసుక్కున్నా సరే. గుర్తుచేసే మనిషి ఉన్న ఫైలు పైకి వస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు ఆలస్యం అవుతుంది, దానికి మనసు పాడు చేసుకోకండి.

టవర్_సుబ్బు
అయిదున్నర గంటల సంగతి కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తప్పుగా అనుకోరు.

ఆమదాలవలస_అక్క
రాసి ఇచ్చాను సుబ్బు గారూ. అక్కడి కానిస్టేబుల్ దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు.

టెక్కలి_తల్లి
ఇదంతా చదివాక ధైర్యం చేసి రాస్తున్నా. మా పాప ఇంటర్ ఫస్టియర్. ఒకడు ఆన్‌లైన్‌లో పరిచయమై, ఫొటోలు పెట్టేస్తానని బెదిరిస్తున్నాడు. నిన్ననే తెలిసింది. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు.

కంటోన్మెంట్_ప్లీడర్
అమ్మా, పాపకి 18 నిండకపోతే చట్టం వేరు. ఫొటో నిజమైనా, అతికించినదైనా, పెడతానని బెదిరించడమే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 11 కింద నేరం. పాప పేరు, కాలేజీ ఇక్కడ రాయకండి. వాడికి డబ్బు గానీ ఇంకో ఫొటో గానీ పంపొద్దని చెప్పండి, చాట్ తుడపొద్దు. ఈ రోజే 112కి గానీ, పిల్లల సహాయానికి ఉన్న 1098కి గానీ ఫోన్ చెయ్యండి. స్టేషన్‌కి రావడానికి పాప భయపడితే, పోలీసులే ఇంటికి వచ్చి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. అది చట్టంలోనే ఉంది.

పొందూరు_నూలు
పాపని తిట్టకండమ్మా. ముందు అన్నం పెట్టి పక్కన కూర్చోండి.

ఆమదాలవలస_అక్క
మీకు మెసేజ్ పెట్టాను. మా అర్జీ నమూనా, ఆధారాలు తీసుకున్న వరుస అంతా అందులో ఉంది. పేర్లు మార్చుకుంటే చాలు. స్టేషన్‌కి తోడు కావాలంటే చెప్పండి, టెక్కలి నాకు దూరమేం కాదు, నేనూ చెల్లీ వస్తాం.